వీధిచిత్రాల్లో ప్రపంచం: పిల్లలకు చూడటం నేర్పే పాఠం

బోధన తెలిసినదాని నుంచి తెలియనిదానికి సాగాలి, మూర్తం నుంచి అమూర్తానికి సాగాలి. ఉపాధ్యాయ శిక్షణలో చేరిన ప్రతివారికీ మొదటి నెలలోనే చెప్పే సూత్రాలివి. సాంఘిక శాస్త్రం బోధించే మాలాంటి వారికి వీటిని పాటించడం అంత తేలిక కాదు. సైన్సు ఉపాధ్యాయుడు గంధకం ముక్కను బల్ల మీద పెట్టి చూపగలడు. లెక్కల ఉపాధ్యాయుడు పది పుల్లలతో కూడిక నేర్పగలడు. జపాన్‌ను, ఎడారిని, దక్షిణార్ధగోళాన్ని మేము తరగతి గదిలోకి ఎలా తేవాలి? గోడ పటంలో అవి రంగు మచ్చలు. పాఠ్యపుస్తకంలో అవి పరీక్ష కోసం గుర్తుపెట్టుకోవలసిన పేర్లు.

విహారయాత్రలు ఈ లోటును కొంత తీర్చగలవు. అయితే మన సొసైటీ ఫీజులు, పుస్తకాలు ఇచ్చి చదివిస్తున్న పిల్లల్లో చాలామంది జిల్లా దాటి ఎరుగరు. యాత్రకు డబ్బు కట్టలేక కొందరు ఆగిపోతారు. ఇంట్లో పంపక కొందరు ఆగిపోతారు. అలా ఆగిపోయేవారిలో ఆడపిల్లలే ఎక్కువ.

కొన్నేళ్లుగా మేము తరగతిలో ఒక సాధనాన్ని వాడుతున్నాం. అదే గూగుల్ స్ట్రీట్ వ్యూ. మ్యాపులో ఒక వీధిని ఎంచుకుంటే, ఆ వీధి మధ్యలో నిలబడినట్టు చుట్టూ తిరిగి చూడగలిగే ఏర్పాటు ఇది. దీని వల్ల పిల్లలు ఏమి నేర్చుకుంటారు, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది, దాతలుగా మీరు ఏమి చేయగలరు అన్నది ఈ వ్యాస విషయం. మా అనుభవంలో తేలిన మాట ముందే చెబుతాం. తెర మీద ప్రపంచాన్ని చూపడం నిమిషం పని. ఆ బొమ్మను ప్రశ్నించడం నేర్పితేనే అది చదువు అవుతుంది.

పనోరమా అంటే ఏమిటి?

ఉర్సుల్లో, జాతరల్లో బయోస్కోపు పెట్టెకు కన్ను ఆనించి ఢిల్లీ, ఆగ్రా చూసిన తరం మాది. ఆ పెట్టెలో బొమ్మ మన ఎదుటే ఉంటుంది. పనోరమాలో మనం బొమ్మ మధ్యలో ఉంటాం. ఎటు తిరిగితే అటు దృశ్యం కనబడుతుంది.

ఈ ఆలోచన కంప్యూటరు కంటే చాలా పాతది. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు ఎడింబరోలో పనిచేస్తూ, చుట్టూ 360 డిగ్రీలు వచ్చేలా నగరాన్ని చిత్రించే పద్ధతికి 1787లో పేటెంటు పొందాడు. 1793లో లండన్‌లోని లెస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే ఒక గుండ్రని భవనం వెలిసింది. జనం టికెట్టు కొని, మధ్యలో ఉన్న వేదిక మీద నిలబడి, చుట్టూ గోడల మీద ఉన్న చిత్రాన్ని చూసేవారు. పనోరమా అన్న మాటకు గ్రీకు మూలాల ప్రకారం ‘అంతా కనబడే దృశ్యం’ అని అర్థం.

వీధుల వెంట ‘నడిచే’ పనోరమా 1978లో మొదలైంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు కారు మీద నాలుగు కెమెరాలు బిగించి, ఆస్పెన్ అనే చిన్న పట్టణంలో దాదాపు ప్రతి 10 అడుగులకు ఒకసారి ఫొటోలు తీశారు. వాటిని వీడియో డిస్కుల్లో ఎక్కించారు. చూసేవారు తెరను తాకి కుడికో ఎడమకో తిరుగుతూ ఆ పట్టణంలో విహరించవచ్చు. ఆస్పెన్ మూవీ మ్యాప్ అని దానికి పేరు.

గూగుల్ 2007 మే 25న శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, లాస్‌వేగాస్, మయామి, డెన్వర్ అనే 5 నగరాలతో స్ట్రీట్ వ్యూను ప్రారంభించింది. 2010కల్లా అంటార్కిటికాతో కలిపి ఏడు ఖండాల చిత్రాలూ చేరాయి. 2022లో 15 ఏళ్లు నిండేనాటికి 100కు పైగా దేశాల నుంచి 22,000 కోట్ల చిత్రాలు సేకరించామని ఆ సంస్థ ప్రకటించింది.

చిత్రం ఎలా తయారవుతుంది?

పిల్లలకు ముందు ఈ సంగతి చెప్పాలి. తయారయ్యే తీరు తెలిస్తే తెర మీద కనబడేదాన్ని గుడ్డిగా నమ్మరు.

కారు పైకప్పు మీద నిలబెట్టిన కడ్డీ కొసన గుత్తిగా కెమెరాలు ఉంటాయి. అవి అన్ని దిక్కులకూ ఒకేసారి ఫొటోలు తీస్తాయి. ఒక ఫొటో అంచు పక్క ఫొటో అంచు మీదికి కొంత వస్తుంది. జీపీఎస్ ఆ ఫొటో ఏ చోట తీసిందో నమోదు చేస్తుంది. లేజర్ కిరణాలు గోడలు, చెట్లు ఎంత దూరంలో ఉన్నాయో కొలుస్తాయి. తరువాత కంప్యూటరు ఈ ఫొటోల అంచులను దర్జీ గుడ్డముక్కలు కలిపినట్టు కలిపి, లోపలి నుంచి చూసే గోళంలా తయారుచేస్తుంది. మనం తెర మీద ‘నడవడం’ అంటే ఒక గోళం నుంచి పక్క గోళంలోకి దూకడమే. రెంటికీ నడుమ ఉన్న చోటు మనం చూడం.

కారు పోలేని దారులకు మూడు చక్రాల సైకిలు, వీపున మోసుకుపోయే 15 కటకాల పరికరం వచ్చాయి. 2014లో అబుదాబి ఎమిరేట్‌లోని లివా ఎడారి ఇసుకదిబ్బలను ఒంటె మీద కెమెరా కట్టి చిత్రించారు. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు నవ్వని పిల్లలు లేరు. ఆ నవ్వు చల్లారాక అసలు ప్రశ్న వేస్తాం. ఒంటె వెళ్లిన దారి మాత్రమే మనకు కనబడుతోంది. వెళ్లని దారిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

అతుకులు సరిగా కుదరని చోట కాళ్లు లేని మనిషి, సగం కారు కనబడతాయి. మేము వాటిని దాటవేయం. వెతికి మరీ చూపిస్తాం. అది ఒకే క్షణపు ఫొటో కాదని, చాలా ముక్కల కలయిక అని పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

మన దేశంలో ప్రస్థానం

2011 మేలో బెంగళూరులో చిత్రీకరణ మొదలైంది. కొద్ది వారాలకే పోలీసుల అభ్యంతరంతో ఆగిపోయింది. 2016లో కేంద్ర ప్రభుత్వం భద్రతా కారణాల మీద అనుమతి నిరాకరించింది. 2021లో పటాలు, భౌగోళిక సమాచార సేకరణ నిబంధనలు సడలాయి. వీధిచిత్రాలు తీసే పనిని భారతీయ సంస్థలకే పరిమితం చేశారు. ఆ ప్రకారం జెనెసిస్ ఇంటర్నేషనల్, టెక్ మహీంద్రా సంస్థలతో కలిసి 2022 జూలైలో 10 నగరాల్లో స్ట్రీట్ వ్యూ మొదలైంది. వాటిలో హైదరాబాదు ఒకటి. ఆనాటికి చిత్రించిన రోడ్ల పొడవు దాదాపు 1,50,000 కిలోమీటర్లు.

ఒక వీధి ఫొటో తీయడానికి పదకొండేళ్లు ఎందుకు పట్టిందని మా పదో తరగతి పిల్లలు అడిగారు. సరిహద్దు భద్రత, సమాచారం మీద యాజమాన్యం, వ్యక్తిగత గోప్యత అనే మూడు మాటలూ ఆ ఒక్క ప్రశ్నతో పాఠంలోకి వచ్చాయి. పౌరశాస్త్రం పుస్తకంలో అవి వేరువేరు అధ్యాయాల్లో ఉంటాయి.

మొదటి పాఠం: నీడ

భూగోళంలో పిల్లలకు అంతుపట్టని విషయాల్లో దక్షిణార్ధగోళం ఒకటి. అక్కడ డిసెంబరులో వేసవి అని కంఠస్థం చేస్తారు కానీ నమ్మకం కుదరదు. అందుకని ముందు మా బడి ఆవరణలో డిసెంబరు మధ్యాహ్నం ఒక కర్ర నాటిస్తాం. నీడ ఉత్తరానికి పడుతుంది. పిల్లలు కొలిచి రాసుకుంటారు. తరువాత తెర మీద ఆస్ట్రేలియాలోని సిడ్నీ వీధి తెరుస్తాం. మూలన దిక్సూచి గుర్తు ఉంటుంది. నీడలు బాగా పొట్టిగా ఉన్న చిత్రాన్ని ఎంచుకుంటే అది మధ్యాహ్నానికి దగ్గర వేళ అని తెలుస్తుంది. అక్కడ స్తంభాల నీడలు దక్షిణానికి పడతాయి.

పిల్లలు ఇంతటితో తృప్తిపడరు. హైదరాబాదులో నీడ ఎప్పుడూ ఉత్తరానికేనా అని అడుగుతారు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే కర్కటరేఖకు దిగువన ఉంది. అందుకే ఏటా మే 9 ప్రాంతంలోను, ఆగస్టు 3 ప్రాంతంలోను సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. సిడ్నీ చిత్రం పుట్టించిన ప్రశ్నకు జవాబు మా ఆవరణలోని కర్ర చెప్పింది. తెర, ఆవరణ రెండూ కలిస్తేనే ఈ పాఠం పూర్తవుతుంది.

రెండో పాఠం: అక్షరం వేరు, భాష వేరు

ద్వీపకల్ప మలేసియాలో ఈశాన్యాన ఉన్న కెలంతాన్ రాష్ట్ర రాజధాని కోటబారు. అక్కడి దుకాణాల బోర్డుల మీద రోమన్ అక్షరాలతో పాటు జావీ లిపి ఉంటుంది. అరబ్బీ అక్షరాలకు మరికొన్ని చేర్చి మలయ్ భాష రాయడానికి వాడే లిపి అది. ఈ వీధి తెరిచినప్పుడు ఉర్దూ చదవడం వచ్చిన పిల్లలు ఉత్సాహంగా ముందుకు వస్తారు. అక్షరాలు కూడబలుక్కుని పైకి చదువుతారు. చదివాక ఆగిపోతారు. పలకగలిగారు, అర్థం మాత్రం తెలియలేదు.

లిపికీ భాషకూ ఉన్న తేడాను ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ మాకు దొరకలేదు. ఆ బోర్డుల మీద తరచుగా కనబడే ‘కెదాయ్’ అనే మాటకు దుకాణం అని అర్థం. అది తమిళంలోని ‘కడై’ నుంచి మలయ్‌లోకి వెళ్లిన మాట. ఒక చిన్న బోర్డు మీద అరబ్బీ అక్షరాలు, మలయ్ భాష, దక్షిణ భారతపు మాట. సముద్ర వర్తకం గురించి మేము చెప్పబోయే పాఠానికి ఇదే పీఠిక. వర్తకులు సరుకుతో పాటు మాటలను కూడా మోసుకుపోయారని పిల్లలు వేరే చెప్పకుండానే గ్రహిస్తారు.

మూడో పాఠం: కాలం

2014 నుంచి ఒకే చోటును వేర్వేరు సంవత్సరాల్లో తీసిన చిత్రాలను పోల్చి చూసే వీలు వచ్చింది. న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కొత్త భవనం పునాదుల నుంచి ఆకాశం దాకా లేవడం వరుసగా చూడవచ్చు.

దీనికి మేము వాడే ఉదాహరణ జపాన్‌లోని నమియె పట్టణం. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చాయి. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతింది. నమియెలో ఉన్న దాదాపు 21,000 మందీ ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియని ఆ జనం తమ ఊరు ఎలా ఉందో చూసుకోవాలని, ప్రపంచం మరిచిపోకూడదని అక్కడి మేయరు కోరారు. 2013లో గూగుల్ కారు ఆ నిర్జన వీధుల్లో తిరిగింది. కూలిన కప్పులు, మూతపడిన దుకాణాలు, ఒక్క మనిషీ లేని రోడ్లు అందులో కనబడతాయి.

అణుశక్తి లాభనష్టాల మీద పిల్లలతో ఎన్నోసార్లు వ్యాసాలు రాయించాం. నమియె వీధి చూశాక రాసిన వ్యాసాల్లో తేడా కనబడింది. ‘ప్రజలు నష్టపోయారు’ అని రాసే పిల్లలు, ‘సైకిలు గోడకు ఆనించి ఉంది, దాని మనిషి రాలేదు’ అన్నట్టుగా రాయడం మొదలుపెట్టారు. చూసినదాన్ని చూసినట్టు రాయడం భాషా బోధనలో మేము ఏళ్ల తరబడి కోరుకున్న ఫలితం.

చిత్రం చెప్పనిది

పై మూడు పాఠాలు చూసి ఇది అన్నిటికీ మందు అనుకోరాదు. ఈ సాధనంలో ఉన్న పెద్ద లోపం మాకు దుబాయ్ పాఠంలో తెలిసివచ్చింది.

దుబాయ్ వీధులు 2014 డిసెంబరులో స్ట్రీట్ వ్యూలో చేరాయి. మా బడిలో తండ్రో అన్నో గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప ప్రాంతాల బడుల్లో ఈ మాట కొత్తది కాదు. దేరా ప్రాంతపు వీధులు తెరిచాం. విశాలమైన రోడ్లు, అద్దాల భవనాలు, శుభ్రమైన కాలిబాటలు. పిల్లలు కళ్లప్పగించి చూశారు. ‘అబ్బాజాన్ ఇంత మంచి చోట ఉంటారా!’ అని ఒక పిల్లవాడు మురిసిపోయాడు.

ఆనాడు తరగతిలో ఒక పెద్దాయన ఉన్నారు. పదహారేళ్లు అక్కడ భవన నిర్మాణంలో పనిచేసి తిరిగివచ్చిన మనిషి. మేమే పిలిచాం. చదువు ఐదో తరగతి వరకే. పిల్లలు ఆయనను చాచా అని పిలుస్తారు. ఆయన లేచి తెర దగ్గరికి వెళ్లి, ఒక భవనాన్ని వేలితో చూపి, ‘బేటా, ఇలాంటివి మేము కట్టినవి. మేము ఉన్నవి ఇవి కావు’ అన్నారు.

తరువాత గంటసేపు ఆయన చెప్పినది ఏ చిత్రంలోనూ లేదు. కూలీల వసతి నగరానికి దూరంగా, సోనాపూర్ అని వాళ్లు పిలుచుకునే చోట. ఒక్కో గదిలో అంచెలంచెలుగా మంచాలు. తెల్లవారకముందే బస్సు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలు నీడన పడుకోవడం ఎంత హాయో చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి ఫోను కోసం ఎలా ఎదురుచూసేవారో చెప్పారు. చివరికి, ‘ఫొటోలో చెమట కనబడదు కదా’ అన్నారు.

మురిసిపోయిన పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చాచా దగ్గరికి వెళ్లి, తన తండ్రి పనిచేసే చోటు పేరు చెప్పి, అక్కడ ఎండ ఎలా ఉంటుందని అడిగాడు. ఆయన ఆ పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

ఎడ్గార్ డేల్ అనే అమెరికా విద్యావేత్త 1946లో ‘అనుభవ శంఖువు’ అనే భావనను ప్రతిపాదించారు. అన్నిటికన్నా అడుగున ప్రత్యక్ష అనుభవం, కొసన కేవలం మాటలు, నడుమ క్షేత్రపర్యటన, ప్రదర్శన, చిత్రం. చూస్తే ఇంత శాతం, వింటే ఇంత శాతం గుర్తుంటుందని అంకెలు వేసి తిప్పుతున్న పటాలు డేల్‌వి కావు. ఆయన అంకెలు వేయలేదు. మాటలకు అర్థం రావాలంటే వాటి కింద అనుభవం ఉండాలన్నదే ఆయన చెప్పినది. స్ట్రీట్ వ్యూ ప్రత్యక్ష అనుభవం కాదు, చిత్రం మాత్రమే. ఆ చిత్రం కింద చాచా అనుభవం చేరినప్పుడు పాఠం నిలబడింది.

గీత లేని చోటు

మ్యాపులో పసుపు రంగు మనిషి బొమ్మను పట్టుకుంటే, చిత్రాలున్న రోడ్లన్నీ నీలి గీతలుగా వెలుగుతాయి. యూరప్, జపాన్ వలలా నిండి ఉంటాయి. ఆఫ్రికాలో పెద్దపెద్ద ప్రాంతాలు ఖాళీ. చైనా ప్రధాన భూభాగంలో గూగుల్ వీధుల చిత్రీకరణ లేదు. నగరంలోనూ పెద్ద రోడ్డు మీద గీత ఉంటుంది, పక్క సందులో ఉండదు.

పిల్లలు మొదట వెతికేది తమ ఇంటినే. దొరకకపోతే చిన్నబోతారు. ఇక్కడ ఉపాధ్యాయుడు ఊరుకోకూడదు. గీత లేని చోట మనుషులు లేరని కాదు, కారు రాలేదని మాత్రమే అర్థమని విడమరచి చెప్పాలి. ఈ మాట పటాలకే కాదు, వార్తాపత్రికలకు, చరిత్ర పుస్తకాలకు కూడా వర్తిస్తుందని పెద్ద తరగతుల పిల్లలకు చెబుతాం.

ఉత్తర అట్లాంటిక్‌లో ఫారో దీవులు ఉన్నాయి. 18 దీవులు, సుమారు 50,000 జనాభా. 2016లో అక్కడివాళ్లు తమ దీవులు స్ట్రీట్ వ్యూలో లేవని గమనించి, గొర్రెల వీపున 360 డిగ్రీల కెమెరాలు కట్టి తామే చిత్రాలు తీసి పంచారు. ఆ ఏడాదే గూగుల్ తన పరికరాలు అక్కడికి పంపింది. తమను ఎవరూ చూడలేదని కూర్చోకుండా, తమను తామే చూపుకున్నవారి కథ ఇది.

ఈ కథ చెప్పాక మా పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇస్తాం. కెమెరా అక్కరలేదు. తమ సందు మొదట్లో నిలబడి, చుట్టూ ఉన్నదాన్ని పొడవాటి కాగితం మీద గీయాలి. కుళాయి ఎక్కడ, మసీదు ఎక్కడ, కిరాణా కొట్టు ఎక్కడ, వానకు నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, వీధిదీపం ఎక్కడ వెలగదు. కాగితం రెండు కొసలు కలిపి గుండ్రంగా నిలబెడితే అదే పనోరమా. ఒక బృందంలోని అమ్మాయిలు తమ బొమ్మలో వెలగని దీపాలను నల్ల చుక్కలతో గుర్తించారు. సాయంత్రం ట్యూషన్‌కు తాము ఎందుకు రాలేకపోతున్నారో ఆ చుక్కలు చూపాయి. ఆ కాగితాన్నే తల్లులు వార్డు కార్యాలయానికి తీసుకువెళ్లారు. మూడు దీపాలు వెలిగాయి. నాలుగోదాని కోసం ఇంకా అడుగుతున్నారు.

మర్యాద, జాగ్రత్త

రోడ్డు అందరిదీ. ఇంటి గడప ఆ ఇంటివాళ్లది. 2007లో స్ట్రీట్ వ్యూ మొదలైన వెంటనే మనుషుల ముఖాలు, కారు నంబర్లు కనబడుతున్నాయని అభ్యంతరాలు వచ్చాయి. 2008 నుంచి ముఖాలను కంప్యూటరే మసకబార్చడం మొదలైంది. యంత్రం ఒక్కోసారి పొరబడుతుంది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఒక ఆవు ముఖాన్ని కూడా మసకబార్చింది. జర్మనీలో 2010లో దాదాపు 2,44,000 కుటుంబాలు తమ ఇల్లు కనబడకుండా చేయమని ముందే కోరాయి. ఇప్పుడు ఎవరైనా తమ ఇంటిని మసకబార్చమని అడగవచ్చు. ఒకసారి మసకబారిస్తే మళ్లీ తీయరన్నది గుర్తుంచుకోవాలి.

ఈ సంగతులు చెప్పి పిల్లలకు మూడు కట్టుబాట్లు పెడతాం. అనుమతి లేకుండా ఎవరి ఇంటినీ, మనిషినీ ఫొటో తీయరాదు. తెర మీద కనబడిన మనిషిని, ఇంటిని చూసి ఎగతాళి చేయరాదు. తమ ఇంటి చిరునామా, చిత్రం అపరిచితులకు పంపరాదు. సెల్‌ఫోను చేతిలో ఉన్న ప్రతి పిల్లవాడికీ ఇవి స్ట్రీట్ వ్యూ దాటి కూడా పనికివస్తాయి.

తరగతిలో నడిపే క్రమం

ఈ పాఠం చెప్పదలచిన ఉపాధ్యాయుల కోసం మా క్రమం ఇక్కడ ఇస్తున్నాం. 40 నిమిషాల పీరియడుకు ఒకే ఒక వీధి చాలు. ఉపాధ్యాయుడు ముందురోజే ఆ వీధి తెరిచి, చూపదగినదో కాదో చూసుకోవాలి.

మొదటి సోపానం, చూడటం. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. చుట్టూ ఒక్కసారి తిప్పి చూపాలి.

రెండో సోపానం, చెప్పడం. కనబడినది మాత్రమే చెప్పాలి. ‘పేదవాళ్ల వీధి’ అనడం చూసినది కాదు. ‘గోడకు సున్నం లేదు, తలుపులు మూసి ఉన్నాయి’ అనడం చూసినది.

మూడో సోపానం, ఊహించడం. ఏ దేశం, ఏ కాలం, ఏ వేళ? వాహనాలు రోడ్డుకు ఏ పక్క నడుస్తున్నాయి, ఇళ్ల కప్పులు ఏటవాలుగా ఉన్నాయా, చెట్లు ఏవి, బోర్డుల లిపి ఏది? ప్రతి ఊహకూ ఒక ఆధారం చూపాలి.

నాలుగో సోపానం, సరిచూడటం. చిత్రం తీసిన నెల, సంవత్సరం తెర మీదే ఉంటాయి. అట్లాసు, పాఠ్యపుస్తకం తెరవాలి. తప్పిన ఊహ ఎందుకు తప్పిందో చర్చించాలి.

చివరలో మూడు ప్రశ్నలు పిల్లలు తప్పక రాయాలి. దీన్ని ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? ఇందులో కనబడనిది ఏమిటి? మార్కులు మేము మూడో ప్రశ్నకే ఎక్కువ వేస్తాం.

దాతలకు మా విన్నపం

ఒక ప్రొజెక్టరు, ఒక కంప్యూటరు, కనెక్షను ఉంటే ఈ పాఠం నడుస్తుంది. స్ట్రీట్ వ్యూ చూడటానికి రుసుము లేదు. పరికరాలు ఇస్తామని ముందుకు వచ్చే దాతలకు మా కృతజ్ఞతలు. అయితే పెట్టె విప్పని కంప్యూటర్లు, దుమ్ము పట్టిన తెరలు ఉన్న బడులు మనకు కొత్త కాదు. అందుకని పరికరం ఇచ్చే ముందు, దాన్ని వారానికి ఎన్ని పీరియడ్లు వాడతారు, ఎవరు వాడతారు అని బడిని అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. జవాబు చెప్పవలసిన బాధ్యత మాకుంది.

మరొక దానం కూడా కోరుతున్నాం. దానికి డబ్బు అక్కరలేదు. మన సొసైటీ సభ్యుల్లో, వారి బంధువుల్లో జెద్దాలో, కువైట్‌లో, దోహాలో, మస్కట్‌లో ఏళ్ల తరబడి బతికి వచ్చినవారు ఉన్నారు. లారీ నడిపినవారు, వంటలు చేసినవారు, ఆసుపత్రుల్లో నర్సులుగా పనిచేసినవారు ఉన్నారు. చికాగోలో, లండన్‌లో స్థిరపడి సెలవుల్లో వచ్చేవారు ఉన్నారు. ‘మాకేం చదువుంది, పిల్లలకేం చెబుతాం’ అని చాలామంది వెనకాడతారు. దయచేసి వెనకాడకండి. మీరు నడిచిన వీధిని మేము తెర మీద తెరుస్తాం. కెమెరా చూడనిది మీరు చెప్పండి.

రానున్న విద్యాసంవత్సరంలో నెలకు ఒక శనివారం ఇందుకు కేటాయించాలని మేము అనుకుంటున్నాం. ఏడాదికి పది పీరియడ్లు, పది వీధులు, పది మంది అనుభవజ్ఞులు. పేరు ఇవ్వదలచినవారు సొసైటీ కార్యాలయంలో ఇవ్వవచ్చు. ఏ ఊళ్లో ఉన్నారో, ఏ పని చేశారో రాసి ఇస్తే చాలు. మిగిలిన ఏర్పాటు మేము చూసుకుంటాం.